ఎడారిలో ఒక రోజు: పనులు, ప్రదేశాలు



పనిమీద పొరుగూరు వెళ్లినప్పుడు మనం ఏం చేస్తాం? బ్యాంకు పని, పోస్టాఫీసు పని, బజారు పని చూసుకొంటాం. కాస్త సమయం మిగిలితే ఆ ఊళ్లోని గుడో, కోటో, చెరువో చూసి ఇంటికి వస్తాం. ఒక పని మర్చిపోయినా పెద్ద నష్టం ఉండదు. మర్నాడు మళ్లీ బస్సెక్కవచ్చు. అదే ఊరు ఎడారిలో ఉంటే? అక్కడ మర్చిపోయిన పనికి మళ్లీ వెళ్లి రావడం తేలిక కాదు. దూరం, ఎండ, నీరు, పగటి వెలుగు అనే నాలుగూ లెక్కలోకి వస్తాయి. ఈ పాఠంలో మనం రాజస్థాన్ రాష్ట్రంలోని జైసల్మేర్ పట్టణానికి వెళ్దాం. అక్కడ ఒక రోజును ఎలా గడపాలో చూద్దాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

– థార్ ఎడారి స్వరూపాన్ని గురించి చెప్పగలుగుతారు;
– ఒక రోజులో చేయవలసిన పనులను వరసక్రమంలో అమర్చుకోగలుగుతారు;
– ఎడారి ప్రజలు నీటిని ఎలా కూడబెట్టుకొంటారో వివరించగలుగుతారు;
– ఎండదెబ్బ తగలకుండా జాగ్రత్తపడగలుగుతారు;
– క్త్వార్థక, శత్రర్థక, చేదర్థక, అప్యర్థక రూపాలను గుర్తించి వాక్యాలలో వాడగలుగుతారు.

1. ఎడారి అంటే ఇసుక మాత్రమేనా?

ఎడారి అనగానే మన కళ్లముందు ఇసుక దిబ్బలు కనబడతాయి. కాని ఎడారి అని పిలవడానికి కారణం ఇసుక కాదు. వాన తక్కువ కావడమే కారణం. జైసల్మేర్ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 200 మిల్లీమీటర్లకంటే తక్కువ. మన కోస్తా జిల్లాల్లో సుమారు 1,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఈ తేడాను మనసులో ఉంచుకోండి.

థార్ ఎడారి విస్తీర్ణం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మన దేశంలోనూ, మిగిలినది పాకిస్తాన్‌లోనూ ఉంది. ఇందులో ఇసుక దిబ్బలు ఉన్నాయి, రాతి నేలలున్నాయి, ఉప్పు నేలలున్నాయి, గడ్డి మైదానాలున్నాయి. జైసల్మేర్ పట్టణం చుట్టూ ఎక్కువగా కనిపించేది పసుపు పచ్చని రాతినేలే. దిబ్బలు చూడాలంటే పట్టణం నుంచి పడమరగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్లాలి. ఆ చోటు పేరు సమ్.

జైసల్మేర్ జిల్లా విస్తీర్ణం సుమారు 38,400 చదరపు కిలోమీటర్లు. కేరళ రాష్ట్రం మొత్తం దాదాపు ఇంతే ఉంటుంది. కాని 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో ఉన్నవారు 6,69,919 మంది. అంటే చదరపు కిలోమీటరుకు 17 మంది. దారిలో బండి ఆగిపోతే సాయం అడగడానికి మనిషి కనబడటం ఎంత కష్టమో ఈ అంకె చెబుతుంది.

2. మీ రోజును ఇలా ఊహించుకోండి

మీ తమ్ముడు జైసల్మేర్‌లో ఉద్యోగం చేస్తున్నాడనుకోండి. డిసెంబరు నెలలో మీరు, మీ ఇంటివాళ్లు ముగ్గురు, మొత్తం నలుగురు అతణ్ణి చూడటానికి వెళ్లారు. తమ్ముడికి సెలవు దొరకలేదు. అతని మిత్రుడి తల్లిదండ్రులు సమ్ వెళ్లే దారిలో ఒక ఢాణీలో ఉంటారు. ఢాణీ అంటే పొలాల మధ్య నాలుగైదు ఇళ్లున్న చిన్న పల్లె. ఆ ఇంటి పెద్దావిడకు రక్తపోటు ఉంది. ఆమె మాత్రలు రేపటితో అయిపోతాయి. "ఎలాగూ ఆ దారినే వెళ్తున్నావు గదా అక్కా, మందులు ఇచ్చి రా" అని తమ్ముడు మందుల చీటీ మీ చేతిలో పెట్టాడు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనులు ఇవి:

(అ) బ్యాంకులో డబ్బు తీసుకోవాలి.
(ఆ) ఇంటికి ఒక పార్సెలు పంపాలి.
(ఇ) రక్తపోటు మాత్రలు, మేకలకు నట్టల మందు కొనాలి.
(ఈ) ఢాణీకి టీపొడి, బెల్లం, సజ్జపిండి తీసుకువెళ్లాలి.
(ఉ) దారికి తాగునీళ్లు సిద్ధం చేసుకోవాలి.

మీరు చూడాలనుకొన్నవి: గడీసర్ చెరువు, కోట, పాడుబడిన కుల్‌ధరా గ్రామం, సమ్ దిబ్బల దగ్గర సూర్యాస్తమయం.

ఇందులో దేన్ని ముందు పెట్టాలి? దేన్ని వెనక పెట్టాలి? ముందుకు చదివే ముందు ఒక కాగితంమీద మీ వరస మీరు రాసుకోండి. పాఠం పూర్తయ్యాక దాన్ని మళ్లీ చూసుకోండి.

3. గడియారం ఒకటే, సూర్యుడు వేరు

దేశమంతటికీ ఒకే గడియారం. కాని సూర్యుడు తూర్పున ముందు ఉదయిస్తాడు, పడమట ఆలస్యంగా ఉదయిస్తాడు. ఒక రేఖాంశానికి 4 నిమిషాల తేడా. హైదరాబాదు సుమారు 78.5 డిగ్రీల రేఖాంశం మీద, జైసల్మేర్ సుమారు 71 డిగ్రీల రేఖాంశం మీద ఉన్నాయి. తేడా ఏడున్నర డిగ్రీలు. 7.5ను 4తో గుణిస్తే 30 నిమిషాలు. పైగా జైసల్మేర్ మనకు బాగా ఉత్తరాన ఉంది. చలికాలంలో ఉత్తరానికి వెళ్లేకొద్దీ పగలు చిన్నదవుతుంది. అందువల్ల డిసెంబరు మధ్యలో అక్కడ సూర్యోదయం ఉదయం సుమారు ఏడున్నరకు. హైదరాబాదుకంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటలకు కొంచెం ముందు.

అంటే మీ చేతిలో ఉన్న వెలుగు పదిన్నర గంటలు మాత్రమే. ఆరు గంటలకే లేచి బయలుదేరితే చీకట్లో చలికి వణకడం తప్ప లాభం లేదు. డిసెంబరు రాత్రులు అక్కడ వేడి 10 డిగ్రీల సెంటీగ్రేడు లోపుకు పడిపోతుంది. ఎండాకాలంలో లెక్క తలకిందులవుతుంది. మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. జైసల్మేర్‌కు తూర్పున ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల వేడి నమోదయింది. ఆ కాలంలో పనులన్నీ ఉదయం పదింటిలోపు, మళ్లీ సాయంత్రం ఐదింటి తరవాత చేసుకోవలసిందే. అందుకే యాత్రికులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తారు.

పగలు అంత వేడి, రాత్రి అంత చలి ఎందుకు? ఇసుక, రాయి త్వరగా వేడెక్కుతాయి, త్వరగా చల్లబడతాయి. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు తక్కువ కాబట్టి నేల వేడి రాత్రి నిలవకుండా పైకి పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. ఒక ప్రాంతాన్ని ఎడారి అనడానికి ముఖ్య కారణమేమిటి?
2. రెండు ఊళ్ల మధ్య 5 రేఖాంశాల తేడా ఉంటే సూర్యోదయంలో ఎన్ని నిమిషాల తేడా ఉంటుంది?

4. ఉదయం: చెరువు, కోట

ఉదయం బ్యాంకు తెరవదు, పోస్టాఫీసు తెరవదు. కాబట్టి ఆ సమయాన్ని చూడవలసిన వాటికి కేటాయించండి.

ఏడున్నరకు గడీసర్ చెరువు గట్టుకు చేరండి. నీటి మధ్యన మంటపాలు, గట్టున పసుపురాతి తోరణద్వారం కనబడతాయి. ఇది విహారం కోసం తవ్విన చెరువు కాదు. 14వ శతాబ్దంలో పాలించిన రావల్ గడ్సీ పేరుమీద వెలసిన ఈ చెరువే వందల ఏళ్లు ఊరికి దాహం తీర్చింది. చుట్టుపక్కల నేలమీద పడ్డ వాననీరంతా ఇందులోకి చేరేలా వాలు చూసుకొని కట్టారు.

అక్కడి నుంచి కోటకు వెళ్లండి. భాటీ వంశపు రావల్ జైసల్ 1156లో ఈ కోటను కట్టించాడు. సుమారు 76 మీటర్ల ఎత్తయిన త్రికూట గుట్టమీద ఇది నిలిచి ఉంది. గోడ పొడవునా 99 బురుజులున్నాయి. పసుపురాయి పొద్దుటి ఎండలో బంగారంలాగా మెరుస్తుంది. అందుకే దీన్ని బంగారు కోట అంటారు. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన 'సోనార్ కెల్లా' బెంగాలీ చిత్రానికి ఆ పేరు దీనివల్లే వచ్చింది. నాలుగు ద్వారాలు దాటి పైకి వెళ్తే జైన దేవాలయాలు, తాళపత్ర గ్రంథాల భాండాగారం కనబడతాయి.

మనం చూసే కోటలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. ఇక్కడ అలా కాదు. ఈ కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. ఇళ్లు, దుకాణాలు, గుళ్లు అన్నీ లోపలే ఉన్నాయి. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాలు ఆరింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఇదొకటి.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. ఈ కోటను కట్టినప్పుడు నీటిని కుండలతో మోసుకువచ్చేవారు. వాడే నీరు కొద్ది, పారబోసే నీరు ఇంకా కొద్ది. ఆ కొద్ది నీటికి తగినట్టే కాలువలు కట్టారు. 20వ శతాబ్దంలో కుళాయిలు వచ్చాయి, యాత్రికుల బసలు పెరిగాయి. నీటి వాడకం ఎన్నో రెట్లయింది. కారిన నీరు గుట్ట అడుగున ఉన్న మెత్తని మట్టిపొరల్లోకి ఇంకింది. గోడలు కుంగాయి, కొన్ని చోట్ల కూలాయి. నీరు లేక ఊళ్లు పాడయ్యే ఎడారిలో, నీరు ఎక్కువై ఒక కోట బలహీనపడింది. 1996లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీని పేరు చేర్చారు. అప్పటినుంచి మరమ్మతులు జరుగుతూ వచ్చాయి. మీరు కోటలో ఉన్నంతసేపూ కుళాయి తిప్పి వదిలేయకండి. అక్కడ మీరు ఆదా చేసే చెంబెడు నీరు కోటగోడకు కూడా మేలు చేస్తుంది.

5. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా: ఊళ్లో పనులు

కోట దిగగానే బజారు. పనులను ఈ వరసలో చేయండి.

ముందు బ్యాంకు. చేతిలో డబ్బు లేకుండా మిగతా పనులు సాగవు. ఊరు దాటాక చెల్లింపు యంత్రాలు, ఫోను సంకేతాలు అన్నిచోట్లా దొరకవు. చిన్న నోట్లు అడిగి తీసుకోండి.

రెండోది మందుల దుకాణం. ఇది మర్చిపోకూడని పని. అందుకే రెండో స్థానంలో పెట్టాం. చీటీలో ఉన్న మందు పేరు, మోతాదు, గడువు తేదీ మీరే చదివి సరిచూసుకోండి. దుకాణదారు "ఇది లేదు, దీనికి బదులు ఇది వాడండి" అంటే వెంటనే తీసుకోకండి. ముందు డాక్టరును అడగండి. మాత్రలను జీపు కిటికీ పక్కన ఎండలో పెట్టకండి. సంచి అడుగున, నీడలో ఉంచండి. మేకల మందును మనుషుల మందులతో కలపకుండా వేరే సంచిలో వేసి, పైన పేరు రాయండి.

మూడోది పోస్టాఫీసు. పార్సెలుమీద పంపేవారి చిరునామా, అందుకొనేవారి చిరునామా, పిన్‌కోడు స్పష్టంగా రాయండి. రసీదు దాచుకోండి.

నాలుగోది కిరాణా. బరువైన సరుకులు చివర కొంటే వాటిని మోసుకొని బజారంతా తిరిగే పని ఉండదు.

చివరిది నీళ్లు. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు లెక్క వేసుకోండి. మీరు నలుగురు, డ్రైవరు ఒకరు. అయిదుగురికి 20 లీటర్లు. జీపు రేడియేటరుకు, చేతులు కడుక్కోవడానికి మరో 5 లీటర్లు. మొత్తం 25 లీటర్లు.

మధ్యాహ్న భోజనంలో సజ్జరొట్టె, కేర్ సాంగ్రీ కూర, మజ్జిగ దొరుకుతాయి. సాంగ్రీ అంటే ఏమిటో తెలుసా? ఖేజ్రీ చెట్టు కాయలు. ఖేజ్రీ మరేదో కాదు, మనం దసరానాడు పూజించే జమ్మిచెట్టే! మనం ఏడాదికొకసారి ప్రదక్షిణ చేసే ఈ చెట్టు అక్కడ ఏడాదంతా బతుకుతెరువు. ఆకు మేకలకు మేత, కాయ మనుషులకు కూర, నీడ పంటకు కాపు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవి, ఆమెతో కలిపి 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించారు. జమ్మి రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం.

6. మధ్యాహ్నం: ముందు ఢాణీయా, ముందు దిబ్బలా?

ఒంటిగంటన్నరకు జీపు బయలుదేరింది. ఈ సంభాషణ చదవండి.

మీరు: భాయ్‌సాబ్, ముందు సమ్ దిబ్బలు చూసేసి, తిరుగుదారిలో ఢాణీకి వెళ్దామా? పిల్లలు దిబ్బల కోసం తొందరపడుతున్నారు.

డ్రైవరు: వద్దు బహెన్‌జీ. ఢాణీకి తారురోడ్డు లేదు. రోడ్డు దిగి ఇసుకబాటలో పోవాలి. పగలైతే చెట్టు గుర్తుపెట్టుకొని పోతాను. చీకటి పడితే ఏ బాట ఎటు పోతుందో నాకూ తెలియదు.

మీరు: మరి సూర్యాస్తమయం తప్పిపోతే?

డ్రైవరు: సూర్యుడు రేపూ అస్తమిస్తాడు. అమ్మగారి మాత్రలు రేపటిదాకానే ఉన్నాయన్నారు గదా.

ఈ మాటలో ఎడారి ప్రయాణానికి కావలసిన సూత్రమంతా ఉంది. ఇంకొకరు ఎదురుచూస్తున్న పనిని వెలుగున్నప్పుడే ముగించాలి. మన సరదా పనిని చివర పెట్టుకోవాలి. అది తప్పినా నష్టం మనదే, అదీ చిన్నదే.

దారిలో కుల్‌ధరా వస్తుంది. పట్టణం నుంచి సుమారు 18 కిలోమీటర్లు. వరసలు తీరిన వీధులు, పైకప్పుల్లేని రాతి ఇళ్లు. ఇక్కడ పాలీవాల్ బ్రాహ్మణులు ఉండేవారు. 19వ శతాబ్దానికల్లా ఊరు ఖాళీ అయింది. దివాను వేధింపులు భరించలేక ఒకే రాత్రి అందరూ వెళ్లిపోయారని, పోతూ శపించారని కథ చెబుతారు. చరిత్రకారులు మాత్రం నీరు తగ్గిపోవడం, పన్నుల భారం పెరగడం వంటి కారణాలను చెబుతారు. కథను కథగా వినండి, కారణాలను కారణాలుగా ఆలోచించండి.

పాలీవాలులు మనకు వదిలివెళ్లిన గొప్ప విద్య ఖడీన్. రాతిమెట్టల మీద పడిన వాన పల్లానికి జారుతుంది. ఆ పల్లంలో అడ్డంగా పొడవైన మట్టికట్ట వేస్తారు. నీరు కట్ట వెనక నిలిచి నెమ్మదిగా ఇంకుతుంది. నీరు తీసిన తరవాత ఆ తేమ నేలలో గోధుమ, శనగ విత్తుతారు. బావి లేదు, కాలువ లేదు. ఒక్క వానాకాలపు నీటితో శీతకాలపు పంట పండుతుంది. నేటికీ ఈ ప్రాంతంలో ఖడీన్లు సాగులో ఉన్నాయి.

7. ఢాణీలో: ఒక చెంబు నీటి విలువ

మూడు గంటలకు మీరు ఢాణీ చేరారు. గుండ్రని మట్టి గుడిసెలు, ముళ్లకంచె, జమ్మిచెట్టు కింద మేకలు. "ఖమ్మా ఘణీ" అని పెద్దవారికి నమస్కరించండి. మాత్రలు ఆవిడ చేతికిచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో ఇంట్లో చదవగలిగినవారికి చూపించండి.

వాళ్లు ముందుగా మీకిచ్చేది నీళ్లు. సగం తాగి సగం పారబోయకండి. కావలసినంతే తీసుకోండి. ఎందుకో తెలుసుకోవాలంటే వాకిట్లో ఉన్న టాంకాను చూడండి.

టాంకా అంటే నేలలో తవ్వి, గచ్చు చేసి, పైన మూత వేసిన తొట్టి. చుట్టూ నేలను చదును చేసి తొట్టివైపు వాలు పెడతారు. వాన పడితే ఆ నీరు తొట్టిలోకి చేరుతుంది. ఎంత చేరుతుంది? ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. చుట్టూ నేల 100 చదరపు మీటర్లు, ఏడాది వాన 150 మిల్లీమీటర్లు అనుకొందాం. రెండింటినీ గుణిస్తే 15,000 లీటర్లు. ఇంకిపోయింది, ఆవిరైంది పోగా సగమే దక్కినా 7,500 లీటర్లు. ఇంట్లో ఆరుగురు, తాగడానికి వండడానికి మనిషికి రోజుకు 5 లీటర్లు అయితే రోజుకు 30 లీటర్లు. 7,500ను 30తో భాగించండి. 250 రోజులు!

చూశారా? లెక్క తెలిసి వాడితే ఎనిమిది నెలలు గడుస్తుంది. పారబోస్తే గడవదు. మీరు పారబోసే చెంబెడు నీరు ఆ లెక్కలోనుంచే పోతుంది. మీ 25 లీటర్లలో మిగిలింది ఉంటే, తిరుగు ప్రయాణానికి సరిపడా ఉంచుకొని, అడిగి వారి కుండలో పోసి రండి.

ఇప్పుడు ఎడారికి కాలువ నీరు కూడా వచ్చింది. పంజాబులో సట్లెజ్, బియాస్ నదులు కలిసేచోట హరికే బ్యారేజి నుంచి ఇందిరాగాంధీ కాలువ మొదలవుతుంది. 1958లో పని ప్రారంభించారు. ఫీడరు 204 కిలోమీటర్లు, ప్రధాన కాలువ 445 కిలోమీటర్లు, మొత్తం 649 కిలోమీటర్లు. జైసల్మేర్ పట్టణానికి తాగునీరు దీనినుంచే అందుతుంది. అయినా దూరపు ఢాణీలన్నింటికీ కుళాయి నీరు ఒకేలా అందదు. అక్కడ టాంకాయే దిక్కు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. ఖడీన్‌కూ టాంకాకూ తేడా ఏమిటి?
4. నేల 60 చదరపు మీటర్లు, వాన 100 మిల్లీమీటర్లు, సగం నీరే దక్కితే తొట్టిలో ఎన్ని లీటర్లు చేరతాయి?

8. సాయంత్రం: సమ్ దిబ్బలు

నాలుగున్నరకు సమ్ చేరారు. వేళ తప్పలేదు! అర్ధచంద్రాకారపు దిబ్బలు కనబడతాయి. గాలి వచ్చే వైపు వాలు నెమ్మదిగా, గాలి చాటున వాలు నిటారుగా ఉంటుంది. నెమ్మది వాలు నుంచి ఎక్కండి. నిటారు వైపు ఇసుక జారుతుంది. జీపు కనబడే మేర దాటి వెళ్లకండి. మీ అడుగుల గుర్తులను గాలి కొద్దిసేపట్లోనే చెరిపేస్తుంది.

ఒంటెనెక్కేముందు అది ఎలా లేస్తుందో గమనించండి. ముందు వెనకకాళ్లు లేపుతుంది. కాబట్టి ఎక్కినవారు ముందుకు ఒరుగుతారు. గట్టిగా పట్టుకొని వెనక్కు వాలాలి. ఒంటె మూపురంలో నీరుంటుందని చాలామంది అనుకొంటారు. అందులో ఉండేది కొవ్వు. దాహంతో ఉన్న ఒంటె ఒక్కసారిగా సుమారు 100 లీటర్ల నీరు తాగగలదు. ట్రాక్టర్లు, జీపులు వచ్చాక ఒంటెలకు పని తగ్గింది. 2012 పశుగణనలో దేశంలో సుమారు 4 లక్షల ఒంటెలుండగా, 2019లో సుమారు రెండున్నర లక్షలకు తగ్గాయి.

ఈ పరిసరాల్లోనే ఎడారి జాతీయ వనం ఉంది. అక్కడ బట్టమేక పక్షి తలదాచుకొంటున్నది. ఇది మనకు పరాయిది కాదు. 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పరచింది ఈ పక్షి కోసమే. ఇప్పుడు దేశం మొత్తంమీద ఇవి చాలా కొద్దిగానే మిగిలాయి.

సూర్యుడు అస్తమించగానే చలి మొదలవుతుంది. పిల్లలకు ఉన్ని బట్టలు తొడిగి, వెంటనే బయలుదేరండి. ఏడున్నర లోపు పట్టణం చేరతారు.

9. ఎండదెబ్బ: తెలిసి ఉండవలసినది

ఎండాకాలంలో వెళ్లేవారు, ఎండాకాలంలో మన ఊళ్లోనే పనిచేసేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పొడిగాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. అందువల్ల ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. దాహం వేయకపోయినా గంటగంటకూ నీళ్లు తాగాలి. తలకు గుడ్డ చుట్టుకోవాలి. నీరసంగా ఉంటే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతుంటే అది ఎండదెబ్బ. మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి. 108కి ఫోను చేయాలి. స్పృహలేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

10. భాషాంశాలు

ఈ పాఠంలో ఒక పని తరవాత మరో పని చెప్పవలసి వచ్చింది. అప్పుడు వాడిన అసమాపక క్రియలను గమనించండి.

క్త్వార్థకం: మందులు కొని జీపు ఎక్కారు. (ఒక పని ముగిశాక మరొకటి)
శత్రర్థకం: చెట్టు గుర్తు చూస్తూ బండి నడిపాడు. (రెండు పనులు ఒకేసారి)
చేదర్థకం: చీకటి పడితే బాట తెలియదు. (మొదటిది జరిగితేనే రెండోది)
అప్యర్థకం: దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. (మొదటిదానితో పనిలేకుండా రెండోది)

ఇలా అసమాపక క్రియలతో మొదలై సమాపక క్రియతో ముగిసే వాక్యాన్ని సంశ్లిష్ట వాక్యం అంటారు.

అభ్యాసం: కింది వాక్యాలను కలిపి సంశ్లిష్ట వాక్యంగా రాయండి.
(అ) ఆమె బ్యాంకుకు వెళ్లింది. ఆమె డబ్బు తీసుకొంది. ఆమె మాత్రలు కొంది.
(ఆ) వాన పడుతుంది. టాంకా నిండుతుంది. (చేదర్థకంతో)

సారాంశం

ఎడారిలో రోజును అమర్చుకోవడమంటే వెలుగును, నీటిని లెక్కపెట్టుకోవడమే. కార్యాలయాలు తెరవని వేళ చూడవలసినవి చూడాలి. తెరిచాక ఊళ్లో పనులు ముగించాలి. ఇతరులు ఎదురుచూసే పని పొద్దుండగా పూర్తిచేయాలి. సరదా చివర. చెరువు, ఖడీన్, టాంకా అనేవి తక్కువ వానతో బతకడానికి ప్రజలు కనిపెట్టిన మార్గాలు. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల్లో మేటలు వేస్తున్నది. కాబట్టి ఎడారి పాఠం రాజస్థాన్‌వారికే కాదు, మనకూ అవసరమే.

పాఠాంత ప్రశ్నలు

1. డ్రైవరు చెప్పిన సలహా సరైనదేనా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.
2. నీటి వల్ల జైసల్మేర్ కోటకు వచ్చిన ముప్పును వివరించండి.
3. మీ ఇంటి పైకప్పు కొలిచి, మీ ప్రాంతపు వర్షపాతం తెలుసుకొని, ఏడాదిలో ఎంత నీరు పట్టవచ్చో లెక్కకట్టండి.
4. ఇదే ప్రయాణం మే నెలలో చేయవలసివస్తే వేళలను ఎలా మారుస్తారు? పట్టిక తయారుచేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. వాన తక్కువ కావడం.
2. 20 నిమిషాలు.
3. ఖడీన్ పంట కోసం నీటిని నేలలో ఇంకింపజేస్తుంది. టాంకా తాగడానికి నీటిని నిలవచేస్తుంది.
4. 3,000 లీటర్లు.

అభ్యాసం: (అ) ఆమె బ్యాంకుకు వెళ్లి, డబ్బు తీసుకొని, మాత్రలు కొంది. (ఆ) వాన పడితే టాంకా నిండుతుంది.

మొదట మీరు కాగితంమీద రాసుకొన్న వరసను ఇప్పుడు తీసి చూడండి. మందుల పని ఎన్నో స్థానంలో ఉంది? కిందికి పోయి ఉంటే పైకి జరిపి, మళ్లీ రాసుకోండి.